వంకాయ రంగు కేసు

ఎన్నికల కోడ్ వచ్చిందంటే మా ఊళ్ళో అందరికంటే ముందు కొత్త బట్టలు కట్టుకునేవి విగ్రహాలు. కూడలిలో ఉన్న పెద్దమనుషులకు తెల్లగుడ్డలు చుట్టి, మెడ దగ్గర పురికొసతో ముడి వేస్తారు. తర్వాత రంగుల వంతు. బోరింగు పంపు మీద సున్నం, బస్సు షెల్టరు మీద సున్నం, సిమెంటు బెంచీల మీద దాతల పేర్లకు పాత పేపర్లు. మావి పార్టీలు లేని పంచాయతీ ఎన్నికలు. కనుక ఎవరు ఏ పార్టీయో ఊరంతటికీ తెలుసు. కనుక ఏ రంగూ బయటికి కనపడకూడదు.

ఈసారి ఇంకొంచెం శ్రద్ధ తీసుకుని ఊరికొక రంగుల పర్యవేక్షణాధికారిని కూడా నియమించారు. మా ఊరికి ఆ పదవి మా హైస్కూలు హెడ్మాస్టరు ఆదిశేషయ్య గారికి వచ్చింది. ఆయన చాలా మంచివారు. పై నుంచి వచ్చిన కాగితాన్ని చదివే ముందు చెప్పులు విప్పేంత మంచివారు. పదవి వచ్చిన రోజునే ఆయన ఊరంతా తిరిగి చూసి, బడి జామచెట్టు మీద వాలే రామచిలకల విషయంలో స్పష్టత కోరుతూ పైకి రాశారు. సదరు చిలకలు కోడ్ అమల్లోకి రాకముందు నుంచీ అదే రంగులో ఉన్నట్టు ధ్రువీకరిస్తే చాలునని సమాధానం వచ్చింది. ధ్రువీకరించారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా నాయనమ్మ తన ఆటకు కొత్త చీర కట్టమని నన్ను అడిగింది.

ఆట అంటే చేతిలో పట్టుకుని ఆడే గేమ్. పై నుంచి ఇటుకలు పడుతుంటాయి. వాటిని అటూ ఇటూ జరిపి, తిప్పి, కింద సందు లేకుండా పేర్చాలి. ఒక వరస నిండితే ఆ వరస మాయమైపోయి స్కోరు పెరుగుతుంది. దాన్ని మా మామయ్య తిరునాళ్ళలో నాకోసమే కొన్నాడు. నాకు జ్వరం వచ్చి పడుకున్నప్పుడు నాయనమ్మ నా పక్కన కూర్చుని ఒకసారి ఇటివ్వమంది. ఇచ్చాను. అది మళ్ళీ నా చేతికి రాలేదు.

మా నాయనమ్మ రవణమ్మ వయసులో ఉన్నప్పుడు పిడకల గూడు పేర్చడంలో పేరు పడ్డ మనిషి. గాలివానకు కూడా ఆమె పేర్చిన గూడు కదిలేది కాదట. ఆటలో పడే ఇటుకలకు ఆమె పేర్లు పెట్టుకుంది. నిలువుగా పొడుగ్గా ఉండేది గుంజ. నలుచదరంగా ఉండేది పిడక. వంకరగా ఉండేది కొడవలి. ఆమెకు గిట్టనిది పాము. "ఒక్క గుంజ రానీ, నీ పని చెప్తా" అని ఆమె గేమ్‌తో మాట్లాడుతుంటే కొత్తవాళ్ళు లోపల ఎవరో ఉన్నారనుకుంటారు.

ఎదురింటి మాలకొండమ్మవ్వది కూడా ఇదే పిచ్చి. ఇద్దరూ ఒకరినొకరు వదినా అని పిలుచుకుంటూనే ఒకరి స్కోరు ఒకరు ఓర్వలేరు. చాలా కాలం పై స్కోరు మాలకొండమ్మవ్వదే. ఆమె కూతురి పురుటికని కందుకూరు వెళ్ళినప్పుడు మా నాయనమ్మ ముప్పై ఎనిమిది వేల ఆరు వందలు కొట్టింది. వెంటనే ఫోను కలిపి ఇమ్మంది.

"వదినా, ముప్పై ఎనిమిది వేల ఆరొందలు!"

"నీ కళ్ళకా? నిన్నగాక మొన్న మా దూడను చూసి కుక్కనుకుని తరిమినావు. సున్నాలు రెండు ఎక్కువ కనపడుంటయ్ లే."

"వచ్చి చూసుకో. అబద్ధమైతే ఈ ఆట నీ ఇంట్లోనే పెట్టుకో."

"సుక్కురారం వస్తండా. చూస్తా."

చిక్కు ఏమిటంటే, ఆ గేమ్‌లో సెల్లులు తీస్తే స్కోరు చెరిగిపోతుంది. ఉన్న సెల్లులు అప్పటికే నీరసించాయి. తెర మసగ్గా కనపడుతోంది. కొత్తవి వేయడానికి లేదు. శుక్రవారం దాకా ఉన్నవే బతకాలి. అందుకని నాయనమ్మ ఆడటం మానేసి, దాన్ని గూట్లో పెట్టి, పాపాయిని చూసినట్టు చూసి వస్తోంది. అలా చూడగా చూడగా ఆమెకు దాని అవతారం నచ్చలేదు. దాని డొప్ప ఒకప్పుడు నల్లగా ఉండేది. ఇప్పుడు మూల పగిలి, దెబ్బకు వేసే ప్లాస్టరుతో అతికించి, మీటల మీద గుర్తులన్నీ అరిగిపోయి ఉంది.

"ఇంత లెక్క ఉన్నదాన్ని ఈ మాసిన గుడ్డలో చూపిస్తే వదిన నవ్విపోద్ది. దీనికి కొత్త చీర కట్టవే చెంచూ. నా పెళ్ళి పట్టుచీర లేదూ, వంకాయ రంగుది, జరీ అంచుది. అట్టా ఉండాల."

సెల్లులు కింది డొప్పలో ఉంటాయి. వాటిని కదపకుండా చాకు మొనతో మరలు విప్పి పై డొప్పను మాత్రం వేరు చేశాను. ఉప్పుకాగితంతో నున్నగా రుద్ది, సబ్బునీళ్ళతో కడిగి ఆరబెట్టాను. ట్రాక్టరు ట్రక్కుకు వేయగా మిగిలిన ఎర్ర రంగు, కిటికీలకు వేయగా మిగిలిన నీలం కలిపితే మొదట కందగడ్డ రంగు వచ్చింది. నీలం ఇంకొంచెం పోశాను. నాయనమ్మ చీర కొంగు తెచ్చి పక్కన పెట్టి చూసింది. ఇంకొంచెం అంది. మూడోసారికి అచ్చం వంకాయ. ఒక పూత వేసి, ఆరాక ఇంకొక పూత వేశాను. చుట్టూ అంచుకు మెరుపుల గోళ్ళరంగుతో జరీ దిద్దాను. మీటలకు ఒక్కొక్క దానికి ఒక్కొక్క గోళ్ళరంగు వేశాను, నాయనమ్మకు తేలిగ్గా తెలియాలని. కింది డొప్పకు కూడా బయటివైపు జాగ్రత్తగా పూశాను.

అంతా బాగానే వచ్చింది గానీ మరలు మళ్ళీ బిగించడం చాకు మొనతో కాలేదు. జారిపోతోంది. బడిలో సైన్సు గదిలో చిన్న స్క్రూడ్రైవరు ఉందని గుర్తొచ్చి, మరునాడు రెండు డొప్పలూ గుడ్డలో చుట్టి పట్టుకెళ్ళాను.

సైన్సు మాస్టరు గారి దగ్గరే హెడ్మాస్టరు గారు కూడా ఉన్నారు. నాకు పెద్దవాళ్ళతో మాట్లాడాలంటే మాట పంటి దగ్గరే ఆగిపోతుంది. అయినా కూడదీసుకుని అడిగాను.

"సార్, స్క్రూడ్రైవరు కావాలి సార్. గేమ్ డొప్ప బిగించాలి."

హెడ్మాస్టరు గారు చేయెత్తారు. "చెంచులక్ష్మీ, మనది ఇప్పుడు ఏ మీడియం?"

"ఇంగ్లీషు మీడియం సార్."

"మరి డొప్ప ఏమిటి, డొప్ప? కేసు అనాలి. ఏదీ, అను."

"కేసు సార్."

"గుడ్. ఏదీ, చూపించు నీ కేసు." గుడ్డ విప్పగానే ఆయన ముఖం మారిపోయింది. ఆయన డొప్పను చూడలేదు. రంగును చూశారు. వెంటనే జేబులోంచి ఫోను తీసి మండలంలోని కోడ్ అమలు సెల్‌కు చేశారు. పై అధికారులతో మాట్లాడేటప్పుడు ఆయన ఫోనును చెవికి ఆనించరు. రెండు చేతులతో ముందు పట్టుకుని స్పీకరులో పెడతారు. అందుకే నాకు రెండువైపులా వినపడింది.

"నమస్కారం సార్, ఆదిశేషయ్యనండీ. ఒక రంగు బయటపడిందండీ."

"ఎక్కడ? గోడ మీదా?"

"కాదండీ. కేసు మీద."

అవతల కుర్చీ కిర్రుమంది. "కేసుకు రంగు పులిమారా?"

"పులిమారండీ. రెండు పూతలు."

"ఎవరు పులిమింది?"

"తొమ్మిదో తరగతి అమ్మాయండీ."

"పిల్లను ముందు పెట్టారన్నమాట. వెనక ఎవరున్నారు?"

హెడ్మాస్టరు గారు తల వంచి నా వెనక్కి చూశారు. "వెనక సైన్సు మాస్టరు ఉన్నారండీ."

సైన్సు మాస్టరు గారికి ఏదో క్లాసు గుర్తొచ్చి వెళ్ళిపోయారు.

"ప్రస్తుతం కేసు ఏ దశలో ఉంది?"

"విప్పేశారండీ. ఇంకా మూయలేదు. సెల్లులు కూడా ఉన్నాయండీ, రెండు."

"రెండు సెల్లులా? మండలానికి మంజూరైంది ఒక్క సెల్లే కదయ్యా! రెండోది ఎవరు పెట్టారు?"

"అమ్మాయి ఇంట్లోనే పెట్టారండీ."

"ఇంట్లో సెల్లు నడుపుతున్నారా! సరే. రంగు ఏది?"

"వంకాయ రంగండీ."

అవతల రంగుల పేర్లు వరసగా గొణుగుతున్నట్టు వినపడింది. "ఈ మండలంలో ఏ రంగు ఎవరిదో నాకు కంఠతా వచ్చు. ఇది ఎవరిదీ కాదు. ఎవరిదీ కాదంటే..." ఆయన గొంతు తగ్గించారు. "అంటే ఎవరో కొత్తవాళ్ళు."

"సార్, కేసంటే డొప్ప సార్" అన్నాను నేను. అన్నాననే అనుకుంటున్నాను. అప్పుడే బెల్లు కొట్టారు.

"ఏమిటమ్మా?" అన్నారు హెడ్మాస్టరు గారు.

"ఏం లేదు సార్."

సాయంత్రానికల్లా కాగితం వచ్చింది. సదరు కేసును యథాతథ స్థితిలో ఉంచవలెను. విచారణాధికారి వచ్చువరకు ఎవరును కేసును మూయరాదు, కదిలించరాదు, మరియు కేసులోని రంగును బహిర్గతము చేయరాదు. ఆదిశేషయ్య గారు చెప్పులు విప్పి చదివారు. ఆ కాగితంలోని ప్రతి మాటా తన ఎదురుగా ఉన్న వస్తువుకు సరిగ్గా సరిపోతోంది. ఆయనకు సందేహం రావడానికి కారణమే లేదు. పై డొప్పను ఒక కవరులో, కింది డొప్పను ఇంకొక కవరులో పెట్టి, లక్క కరిగించి సీలు వేసి, బీరువాలో గ్లోబు పక్కన పెట్టారు.

ఇంట్లో అడుగు పెట్టేసరికి నాయనమ్మ గూడు దగ్గర నిలబడి ఉంది.

"యాడే నా ఆట?"

"కేసైంది నాయనమ్మా."

"ఎవురి మీద?"

"ఆట మీదే."

"ఆట మీద కేసేందే? అదేం చేసింది పాపం? సెల్లులు పీకారా?"

"పీకలా. సీలేశారు."

"పీకలా గదా!" నాయనమ్మ గుండె మీద చెయ్యేసుకుని కూర్చుంది. "సుక్కురారం వదినొస్తంది. అది చూపీకపోతే నేను అబద్ధాలకోరునైపోతా. ఆ ఆట ఎత్తి ఆమెకిచ్చెయ్యాల. మాటన్నాను గదా."

మరునాడు బడి గేటు దగ్గరికి తనే వచ్చింది. హెడ్మాస్టరు గారు ఆమెకు కుర్చీ వేయించి, ఎంతో మర్యాదగా, విషయం విచారణ పరిధిలో ఉన్నందున తాము వ్యాఖ్యానించలేమని చెప్పారు.

"వ్యాఖ్యానం నాకెందుకయ్యా, నా ఆట నాకియ్యి."

ఈ మాట గేటు బయట నిలబడ్డవాళ్ళ చెవిన పడింది. మధ్యాహ్నానికి ఊరంతా తిరిగింది. వంకాయ రంగుతో ఎవరో కొత్తవాళ్ళు దిగారట. వెనక రవణమ్మ ఉందట. బడి దగ్గరికే వెళ్ళి నా ఆట నాకు కావాలందట.

మండలం నుంచి రోజుకొక కాగితం రావడం మొదలైంది. అనుమానిత రంగు ప్రజల దృష్టిలో పడకుండా చూడాలన్నారు. ఆదిశేషయ్య గారు ముందుగా మధ్యాహ్న భోజనంలో వంకాయ కూర ఆపించారు. వంటమ్మ వచ్చి, ఇప్పటికే గంపెడు కాయలు తెచ్చానని గోల పెట్టింది. పైకి రాశారు. తొక్క తీసి వండినచో అభ్యంతరము లేదని వచ్చింది. ఆ రోజు మేమందరం తొక్క లేని వంకాయ కూర తిన్నాం. అది ఏ పార్టీకీ చెందని రుచిగా ఉంది.

రోడ్డు పక్క వంగతోట ఉన్న రైతుకు, తోట కనపడకుండా గోనెపట్టాలు కప్పమని చెప్పారు. అన్ని పట్టాలు లేవంటే, కాయలున్న చెట్ల వరకు కప్పితే చాలన్నారు. కప్పిన మరునాడు పట్టాల కింద ఏముందో చూడటానికి పక్క ఊళ్ళ నుంచి కూడా జనం వచ్చారు. చూసి, నిజమే, వంకాయలే అని భయపడి వెళ్ళారు.

సర్పంచ్ పదవికి ఎగువ వీధి నుంచి కోటిలింగం, దిగువ వీధి నుంచి బ్రహ్మయ్య నిలబడ్డారు. ముందు కోటిలింగం మా ఇంటికొచ్చాడు. నాయనమ్మ అరుగు మీద బియ్యంలో రాళ్ళు ఏరుతోంది.

"పెద్దమ్మా, మీవాళ్ళు ఎంతమంది ఉంటారు?"

"నేనూ, మనవరాలూ, కోడలూ. కొడుకు లారీ మీద పోయినాడు."

"అది కాదు పెద్దమ్మా. వంకాయ వాళ్ళు."

"వంకాయల ఆమె రేపొస్తది, బుధవారం కదా. నీకెన్ని కావాల?"

కోటిలింగం ముఖం పాలిపోయింది. రేపటికల్లా వచ్చేస్తారా, అందులో ఒక ఆమె కూడా ఉందా అనుకుని ఉంటాడు. "మీరు ఏమడిగినా సరే. మావైపు ఉండండి."

"నాకేం వద్దు నాయనా. నా ఆట నాకు ఇప్పిచ్చు, చాలు. సుక్కురారం లోపల."

"శుక్రవారం ఏముంది?"

"వదిన కందుకూరు నించి దిగుతంది. ఆమె ముందు పెట్టి నా లెక్కెంతో చూపియ్యాల."

కోటిలింగం లేచి వెనక్కి చూడకుండా వెళ్ళాడు. కందుకూరు నుంచి కూడా దిగుతున్నారంటే విషయం పెద్దదేనని అతనికి అర్థమైంది. సాయంత్రం బ్రహ్మయ్య వచ్చి అవే ప్రశ్నలు వేసి అవే జవాబులు పట్టుకెళ్ళాడు. ఇద్దరూ విడివిడిగా మండలానికి ఫోను చేసి, విచారణ త్వరగా జరిపించాలని, శుక్రవారం లోపే జరగాలని ఒత్తిడి చేశారు. ఎన్నడూ ఒక మాట మీద లేని ఇద్దరు అభ్యర్థులు ఒకే మాట చెప్పేసరికి అధికారులకు మిగిలిన అనుమానం కూడా తీరిపోయింది. విచారణ శుక్రవారమే పెట్టారు.

విచారణాధికారి పూర్ణచంద్రరావు గారు జీపులో దిగారు. చంకలో ఫైలు ఉంది. అప్పటికే దానికి తాళ్ళు రెండు కట్టాల్సి వచ్చింది. బడి వరండాలో బల్ల వేశారు. ఒక పక్క కోటిలింగం మనుషులు, ఒక పక్క బ్రహ్మయ్య మనుషులు. ముందు వరుసలో నాయనమ్మ కూర్చుంది. ఆమె పక్కన, అప్పుడే బస్సు దిగి సంచి కూడా ఇంట్లో పెట్టకుండా వచ్చిన మాలకొండమ్మవ్వ.

"ఏంది వదినా, నీ అబద్ధానికి ఇంత జనమా?"

"నువ్వు నోరు మూసుకుని కళ్ళు తెరువు వదినా."

హెడ్మాస్టరు గారు కవర్లు తెచ్చి బల్ల మీద పెట్టి లక్క సీళ్ళు పగలగొట్టారు. పూర్ణచంద్రరావు గారు వంగి చూశారు. చాలాసేపు చూశారు.

"కేసు ఏదండీ?"

"ఇదే సార్."

"ఇది కాదయ్యా. అసలు కేసు."

"ఇదే అసలు కేసు సార్. ఇంకొకటి లేదు."

పూర్ణచంద్రరావు గారు గేమ్‌ను చూశారు, ఫైలును చూశారు. మళ్ళీ గేమ్‌ను చూశారు. ఆయన ముఖంలో ఒక్క క్షణం ఏదో మెరిసి, అంతలో ఆరిపోయింది. ఇంత లావు ఫైలు ఇంత చిన్న వస్తువు గురించి అయ్యే అవకాశం లేదు. ఫైలు జిల్లా దాకా వెళ్ళి వచ్చింది. దాని మీద పెద్దవాళ్ళ సంతకాలు ఉన్నాయి. ఆయన నిటారుగా కూర్చుని గొంతు సవరించుకున్నారు.

"వస్తువు పరిమాణాన్ని బట్టి విషయ తీవ్రతను అంచనా వేయరాదు. విచారణ ప్రారంభించడమైనది. ముందుగా భద్రతా నిబంధనల ప్రకారం ఇందులోని సెల్లులను తొలగించండి."

హెడ్మాస్టరు గారు కింది డొప్పను వెల్లకిలా తిప్పి సెల్లుల మూత మీద గోరు పెట్టారు. నాయనమ్మ నా వైపు చూసింది. చేతిలో ఉన్న కొంగు నలిపేసింది.

నేను లేచి నిలబడ్డాను. నోరు తెరిస్తే గాలి వచ్చింది గానీ మాట రాలేదు. ఇంకొకసారి ప్రయత్నించాను. ఈ వారమంతా ఇంట్లో, బడిలో, ఊళ్ళో ఒకే రకం భాష విన్నందువల్ల కాబోలు, వచ్చిన మాట కూడా ఆ భాషలోనే వచ్చింది.

"సదరు సెల్లులు తొలగించరాదు సార్. సాక్ష్యం చెరిగిపోతుంది."

హెడ్మాస్టరు గారు నిప్పు తగిలినట్టు గోరు తీసేశారు. పూర్ణచంద్రరావు గారు ఆ రోజు మొదటిసారి నన్ను మనిషిని చూసినట్టు చూశారు.

"ఏ సాక్ష్యం?"

"లోపల లెక్క ఉంది సార్."

లెక్క అనగానే రెండు పక్షాల వాళ్ళూ ముందుకు జరిగారు. మా వైపు డబ్బును కూడా లెక్కే అంటారు.

"ఎంత?"

"పంచుల సమక్షంలో చూపిస్తాను సార్."

ఆయనకు ఈ జవాబు చాలా నచ్చింది. పంచులుగా కోటిలింగాన్నీ, బ్రహ్మయ్యనూ పిలిచారు. "తటస్థ సాక్షి ఒకరు కావాలి. ఈ వారమంతా ఊళ్ళో లేనివారు, రంగుతో సంబంధం లేనివారు" అన్నారు. నేను మాలకొండమ్మవ్వ వైపు చూపించాను.

పై డొప్పను కింది డొప్ప మీద ఆనించి, చేత్తో అదిమి పట్టుకుని, మీట నొక్కాను. ఏమీ కాలేదు. నాయనమ్మ కళ్ళు మూసుకుంది. ఇంకొంచెం గట్టిగా నొక్కాను. తెర మీద బూడిద రంగులో అంకెలు పొగలా తేలాయి. పై మూలన పై స్కోరు.

పూర్ణచంద్రరావు గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని చదివారు. "ముప్పై ఎనిమిది వేల ఆరు వందలు."

"గట్టిగా చదవండయ్యా" అంది నాయనమ్మ. "ఎనకాలోళ్ళకి ఇనపడలా."

"ముప్పై ఎనిమిది వేల ఆరు వందలు! సాక్షులు నిర్ధారించుకోండి."

కోటిలింగం చూశాడు. బ్రహ్మయ్య చూశాడు. మాలకొండమ్మవ్వ తెరను ముక్కు దగ్గర పెట్టుకుని ఒక్కొక్క అంకె మీద వేలు పెట్టి చూసింది. చివరి సున్నాలు రెండుసార్లు చూసింది. మింగలేక మింగినట్టు తల ఊపింది.

"ఈ లెక్క ఎవరిది?"

"నాదే అయ్యా" అంది నాయనమ్మ.

"ఎలా వచ్చింది?"

"కూర్చుని ఇటుకలు పేర్చా."

"ఆ ఇటుకలు ఇప్పుడు ఎక్కడున్నాయి?"

"యాడుంటయ్? వరస పూర్తి కాగానే మాయమైపోతయ్. మాయమైనకొద్దీ లెక్క పెరిగిద్ది."

పూర్ణచంద్రరావు గారు కలం ఆపారు. తమ సర్వీసంతటిలో ఇంత స్పష్టమైన వాంగ్మూలం ఆయనకు దొరికి ఉండదు. "ఇది మా పరిధిలోకి రాదు. ఇంజనీరింగు శాఖకు పంపవలసిన అంశం" అని రాసుకున్నారు. "ఇక రంగు విషయం. ఈ రంగు ఎవరిది?"

"నా పెళ్ళి చీరది."

"అది కాదు. అధికారికంగా ఎవరిది?"

ఎవరికి వాళ్ళు పక్కవాళ్ళ వైపు చూపించారు. సరే, ముందు సంతకాలు కానివ్వమన్నారు. అభ్యర్థులిద్దరూ సంతకాలు చేశారు. మాలకొండమ్మవ్వకు సంతకం రాదు. హెడ్మాస్టరు గారు స్టాంపు ప్యాడు తెరిచి ఆమె ముందు పెట్టారు. ఆమె బొటనవేలు అద్ది కాగితం మీద ఒత్తింది. పక్కనే హెడ్మాస్టరు గారు తమ అధికార ముద్ర టపీమని వేశారు.

పూర్ణచంద్రరావు గారు ఆ ముద్రను చూశారు. వేలిముద్రను చూశారు. గేమ్ తీసి వాటి పక్కన పెట్టారు.

"ఆదిశేషయ్య గారూ, ఈ సిరా ఎక్కడిది?"

హెడ్మాస్టరు గారి చెమటలు కాగితం మీద పడ్డాయి. "సరఫరా సార్. ప్రభుత్వం వారి సరఫరా. ఎప్పటినుంచో ఇదే సార్."

పూర్ణచంద్రరావు గారు ఫైలు తాళ్ళు విప్పారు. జిల్లా ముద్ర వంకాయ రంగు. మండలం ముద్ర వంకాయ రంగు. వంకాయ రంగును బహిర్గతం చేయరాదన్న కాగితం మీద రెండు ముద్రలు, రెండూ వంకాయ రంగే.

కోటిలింగం, బ్రహ్మయ్య ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పూర్ణచంద్రరావు గారు లేచి నిలబడ్డారు. ఆయన లేచారని అందరం లేచాం.

"సదరు రంగు సాక్షాత్తూ ప్రభుత్వానికి చెందినదిగా విచారణలో తేలినది. ప్రభుత్వం ఏ పార్టీకీ చెందదు గనుక రంగుకు అభ్యంతరము లేదు. తొక్క తీయనవసరము లేదు. కేసు మూసేయండి."

"అలాగే సార్" అన్నాను. "స్క్రూడ్రైవరు ఇప్పించండి సార్."

సైన్సు మాస్టరు గారు ఎక్కడి నుంచో ప్రత్యక్షమై తెచ్చి ఇచ్చారు. అందరి ముందూ బల్ల మీద పెట్టి, మరలు ఒక్కొక్కటే బిగించాను. కేసు మూసుకుంది. అధికారి ఎదుటే ఇంత పూర్తిగా మూసుకున్న కేసు మండలంలో ఇదే మొదటిదని తర్వాత చెప్పుకున్నారు. చివరి మర బిగుసుకునేసరికి తెర మీద అంకెలు కూడా ఆరిపోయాయి. సెల్లుల పని అయిపోయింది. ముప్పై ఎనిమిది వేల ఆరు వందలు గేమ్‌లోంచి శాశ్వతంగా పోయింది. నాయనమ్మ ఏమీ బాధపడలేదు. ఆమె చూపు పూర్ణచంద్రరావు గారి చంకలోని ఫైలు మీద ఉంది.

సోమవారం బడిలో తొక్కతో సహా వంకాయ కూర పెట్టారు. తోట మీద పట్టాలు తీశారు. కొత్త సెల్లులు వేశాం. అరుగు మీద ఆట మళ్ళీ మొదలైంది. మీటలకు రంగులున్నాయి గనుక ఇప్పుడు ఇద్దరికీ తేలిక. మూడు రోజులు అన్నం కూడా ఎడమచేత్తో ఆడుతూ తిన్న మాలకొండమ్మవ్వ, ఉన్నట్టుండి కేక పెట్టింది.

"నలభై ఒక్క వెయ్యి! వదినా, చూడు! నలభై ఒక్క వెయ్యి!"

నాయనమ్మ కూరకు చిక్కుళ్ళు ఈనెలు తీస్తోంది. తల ఎత్తలేదు.

"కొట్టుంటావులే వదినా. కాదన్లా. ఎవురు చూశారు?"

"చెంచు చూసింది! నువ్వు చూడు!"

"మేం చూస్తే ఏమొచ్చిద్ది? నా లెక్కకి గవర్నమెంటు ముద్రుంది. సర్పంచుకి నిలబడ్డోళ్ళిద్దరు సంతకాలు పెట్టారు. నీ ఏలిముద్ర కూడా ఉంది దానిమీద. నీ లెక్కకేముంది?"

మాలకొండమ్మవ్వ తన బొటనవేలిని చూసుకుంది. దాని మీద వంకాయ రంగు ఇంకా పూర్తిగా పోలేదు. గేమ్‌ను మెల్లగా పక్కన పెట్టి, లేచి ఇంటికి వెళ్ళిపోయింది.

మరునాడు నాయనమ్మ ఇంట్లో లేనప్పుడు చూసి వచ్చింది. చేతిలో ఒక రవికెల గుడ్డ, చిలకపచ్చది.

"చెంచూ, మా తల్లే, ఈ ఆటకి ఈ రంగు ఎయ్యవే. సెల్లులు మాత్రం కదిలించబాక. ఏశాక మరలు బిగించకుండా, విప్పింది విప్పినట్టే బడికి పట్టుకుపో. కోడ్ ఇంకా ఉంది గదా?"

"ఉంది అవ్వా. కానీ చిలకపచ్చకు కేసు కాదు. చిలకలకు ఇదివరకే ధ్రువీకరణ అయిపోయింది."

ఆమె గుడ్డను అటూ ఇటూ తిప్పి చూసి, మడిచి నడుములో దోపుకుంది.

"అయితే ఏ రంగుకి కేసవుద్దో నువ్వే చూడమ్మా. సదువుకున్నదానివి."

ఎవరిదీ కాని రంగు కావాలి. అప్పటి నుంచి బడికి వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ, సున్నం కొట్టిన గోడల మధ్య, అలాంటిది ఊళ్ళో ఇంకొకటి ఎక్కడైనా మిగిలిందేమోనని చూస్తూ నడుస్తున్నాను.